గోయా కుక్క మునుగుతోందా, తొంగి చూస్తోందా? (ప్రాదో, 67వ గది)

వేపచెట్టు_నీడ · శనివారం రాత్రి 11:20

పోయిన వారం ఆఫీసు పని మీద మాడ్రిడ్ వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నానికే పని తెమిలిపోయింది. ప్రాదో మ్యూజియంలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా టికెట్ అక్కర్లేదంటే వెళ్ళి క్యూలో నిలబడ్డా. లోపల అడుగు పెట్టేసరికి ఆరున్నర దాటింది.

67వ గదిలో స్పానిష్ చిత్రకారుడు గోయా ముసలితనంలో తన ఇంటి గోడలకు వేసుకున్న ‘నల్ల బొమ్మలు’ ఉంటాయి. జనమంతా శాటర్న్ ముందు మూగి ఉన్నారు. కన్నబిడ్డను కొరుక్కు తింటున్న ఆ ముసలాడే. భయంకరంగానే ఉంది కానీ, టీషర్టుల మీదా మీముల్లోనూ వందసార్లు చూసేసిన బొమ్మ కదా, నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. పక్కకు తిరిగితే కుక్క.

నిలువు బొమ్మ. పైనంతా పసుపూ కాదు, మట్టి రంగూ కాదు, వానాకాలం గోడకు చెమ్మ ఎక్కితే ఒక రంగొస్తుంది చూడండి, అది. అడుగున ముదురు గోధుమ రంగు గట్టు, కుడివైపుకి ఎగబాకుతూ. ఆ గట్టు మీంచి కుక్క తల ఒక్కటే కనబడుతుంది. ఒళ్ళు లేదు, కాళ్ళు లేవు. తలెత్తి కుడివైపు పైకి చూస్తోంది. అది చూస్తున్న చోట ఏమీ లేదు. బొమ్మ అంతే!

ఇరవై నిమిషాలు కదల్లేదు నేను. ఫోన్ తీయబోతే కాపలా ఆవిడ వేలు అటూ ఇటూ ఆడించింది, అక్కడ ఫోటోలు తీయనివ్వరు. ప్రాదో సైట్లో పెద్ద సైజు బొమ్మ ఉంది, చూడండి.

నా గొడవేంటంటే, పక్క గుంపుకి గైడు ఒకాయన ‘ఊబిలో కూరుకుపోతున్న కుక్క’ అని ఖాయంగా చెప్పేశాడు. నాకది మింగుడు పడట్లేదు. అది మునుగుతోందా? గట్టు వెనక నుంచి తొంగి చూస్తోందా?

లంకంత_ఇల్లు · శనివారం రాత్రి 11:34

మునుగుతోంది. అనుమానమే లేదు. సోమవారం పొద్దున స్టాండప్ మీటింగులో నా మొహం అచ్చం అలాగే ఉంటుంది.

కుంచె1968 · ఆదివారం ఉదయం 6:05

అమ్మాయ్, మంచి ప్రశ్న వేశావు. ముప్పై ఏళ్ళు స్కూల్లో డ్రాయింగు చెప్పినవాణ్ణి, ఈ బొమ్మను మాత్రం పుస్తకాల్లో అచ్చులోనే చూశాను. నీకు ఎదురుగా చూసే యోగం పట్టింది.

‘ఊబి’ అన్న మాట గోయాది కాదు. నల్ల బొమ్మల్లో ఒక్కదానికీ ఆయన పేరు పెట్టలేదు. ఆయన స్నేహితుడు ఆంతోనియో బ్రుగాదా అనే చిత్రకారుడు ఆ బొమ్మలన్నిటికీ 1828లో రాశాడని చెప్పే జాబితాలో దీని పేరు ‘ఒక కుక్క’. అంతే. ‘సగం మునిగిన కుక్క’ అన్నది తర్వాత వాళ్ళు తగిలించిన పేరు. ఆ పేరు చదివి బొమ్మ దగ్గరికి వెళ్తే ఎవరికైనా మునుగుతున్నట్టే కనిపిస్తుంది మరి.

ఇక బొమ్మ కొలత 131.5 సెంటీమీటర్లు పొడవు, 79.3 వెడల్పు. అంత జాగాలో కుక్క తల ఎంత? అరచేతిని అడ్డం పెడితే చాలా మటుకు మూతపడేంత. నా క్లాసులో పిల్లాడెవడైనా ఇలా వేసి తెస్తే ‘కాగితమంతా ఖాళీగా వదిలేశావేం’ అని మొట్టికాయ వేసేవాణ్ణి. అక్షరాలా వేసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చరిత్ర_చెత్తబుట్ట · ఆదివారం ఉదయం 9:12

ఇల్లు సంగతి తెలియకుండా ఈ బొమ్మల గురించి మాట్లాడుకోలేం కాబట్టి, కాస్త ఓపిక పట్టండి.

1819 ఫిబ్రవరిలో గోయా మాడ్రిడ్ బయట, మాన్సనారెస్ నది అవతల, సెగోవియా వంతెన దాటాక ఒక తోట ఇల్లు కొన్నాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు. ఆ ఇంటికి ‘కింతా దెల్ సోర్దో’ అని పేరు, అంటే ‘చెవిటివాడి తోట’ అనుకోండి. తమాషా ఏమిటంటే ఆ చెవిటివాడు గోయా కాదు! అంతకు ముందున్న యజమానికీ వినపడేది కాదట, పేరు ఆయన వల్ల వచ్చింది. గోయాకు 1792–93లో వచ్చిన పెద్ద జబ్బుతో చెవులు పోయాయి. ఒక చెవిటాయన నుంచి ఇంకో చెవిటాయనకు చేరిందన్నమాట ఇల్లు.

కొన్న ఏడాదే మళ్ళీ మంచాన పడ్డాడు. డాక్టరు అర్రియేతా బతికించాడు. 1820లో గోయా ఆ డాక్టరుకి బొమ్మ వేసిచ్చాడు. డాక్టరు వెనక నుంచి పట్టుకుని గ్లాసుతో మందు తాగిస్తుంటే, గోయా దుప్పటి పిసుకుతూ వెనక్కి వాలి ఉంటాడు. ఇప్పుడది అమెరికాలో మినియాపొలిస్ మ్యూజియంలో ఉంది. లేచి తిరగగలిగాక ఆ ఇంటి గోడల మీదే, రెండు అంతస్తుల్లో, 14 బొమ్మలు వేశాడు. ఎవరూ వేయమనలేదు, ఎవరూ డబ్బులివ్వలేదు. రాజుగారి ఆస్థాన చిత్రకారుడు, ఇంట్లో గోడలకు వేసుకున్నాడు.

బయట దేశం పరిస్థితి చూడండి. 1808 నుంచి 1814 దాకా నెపోలియన్ సైన్యంతో యుద్ధం. అది అయ్యాక తిరిగొచ్చిన రాజు ఏడో ఫెర్నాందో రాజ్యాంగాన్ని చెత్తబుట్టలో పడేశాడు (ఊరికే కాదు నా ఈ యూజర్‌నేమ్). 1820లో రియేగో అనే సైనికాధికారి తిరుగుబాటు, మూడేళ్ళు ఉదారవాదుల పాలన. 1823లో ఫ్రెంచి సైన్యం వచ్చి రాజును మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టింది, రియేగోను మాడ్రిడ్‌లో ఉరితీశారు. అదే ఏడాది సెప్టెంబరులో గోయా ఇంటిని మనవడు మరియానో పేర రాసేశాడు. 1824లో ఫ్రాన్సు వెళ్ళిపోయి, బోర్దోలో 1828లో పోయాడు. బొమ్మలు గోడల మీదే ఉండిపోయాయి, కుక్కతో సహా.

కొత్తచింతకాయ · ఆదివారం ఉదయం 10:40

కుక్క సంగతి సరే, ఆ శాటర్న్ బొమ్మను భోజనాల గదిలో వేసుకున్నాడని విన్నాను, నిజమేనా? అన్నం ఎలా దిగేదండీ ఆయనకి? ఇంకోటి, శాటర్న్ అంటే మన శనే కదా. శని దృష్టి అంటే ఇదేనేమో.

చరిత్ర_చెత్తబుట్ట · ఆదివారం ఉదయం 10:58

కింది అంతస్తు గదిలో ఉండేది. అది భోజనాల గది అన్నది తర్వాతి వాళ్ళు చెప్పుకునే మాట. కథ రుచిగా ఉంది కాబట్టి నిలబడిపోయింది.

గ్రహం పేరు ఒకటే గానీ కథ వేరు. మన శని సూర్యుడి కొడుకు, తండ్రితో పడనివాడు. పిల్లల్ని మింగినవాడు గ్రీకుల క్రోనోస్, రోమన్ల శాటర్న్. కొడుకు చేతిలో నీ పని అయిపోతుందని జోస్యం చెబితే పుట్టినవాణ్ణి పుట్టినట్టు మింగేశాడు.

లంకంత_ఇల్లు · ఆదివారం ఉదయం 11:03

అయితే కంసుడన్నమాట.

కొత్తచింతకాయ · ఆదివారం ఉదయం 11:10

కంసుడు తినలేదు. పైగా తండ్రి కాదు, మేనమామ. మేనమామలను మరీ అంత మాట అనకండి, మా మావయ్య ఈ థ్రెడ్ చదువుతున్నాడు.

కుంచె1968 · ఆదివారం ఉదయం 11:45

నవ్వులాట పక్కన పెడితే, అదే ప్రాదోలో రూబెన్స్ వేసిన శాటర్న్ కూడా ఉంది, 1636–38 నాటిది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. రూబెన్స్‌ది పసిబిడ్డ, కెవ్వున ఏడుస్తుంటాడు. శాటర్న్ ముసలివాడే గానీ దేవుడి ఒళ్ళు. గోయా దగ్గరికొస్తే ఆ శవం పసిబిడ్డది కాదు, ఎదిగిన మనిషిది. తల అప్పటికే లేదు. తినేవాడి కళ్ళు చూడండి. కోపం లేదు, ఆకలి కూడా లేదు. చీకట్లో ఏదో పని చేస్తూ దొరికిపోయినవాడి కళ్ళు అవి.

గోయాకు చాలామంది పిల్లలు పుట్టారు. పెద్దవాడై బతికింది హావియేర్ ఒక్కడే. నేను ఈ రెంటినీ ముడి వేయను. ఊరికే చెప్పాను.

మోడరేటర్ · ఆదివారం మధ్యాహ్నం 12:20

శాటర్న్, శని, కంసుడు, మేనమామలు... వీటికి వేరే థ్రెడ్ తెరిచాను. ఇక్కడ కుక్కతోనే ఉందాం.

అనుమానం_అప్పారావు · ఆదివారం మధ్యాహ్నం 1:15

అందరూ గోయా గోయా అంటున్నారు. అసలు వేసింది గోయానేనని ఎవరు చూశారు? ఆయన రాసిన ఉత్తరాల్లో వీటి మాట లేదు. బతికుండగా బయటివాళ్ళకు చూపించిన దాఖలా లేదు. హువాన్ హోసే హున్‌కేరా అనే స్పానిష్ పండితుడు 2003లోనే ఈ ప్రశ్న వేశాడు. ఇంటి పై అంతస్తు గోయా వెళ్ళిపోయాక కట్టిందనీ, ఆ బ్రుగాదా జాబితాలో వాడిన మాటలు 1828 నాటివి కావనీ ఆయన వాదన. మరి పై అంతస్తే లేకపోతే పై అంతస్తు గోడ మీద కుక్క ఎక్కడిదండీ? కొడుకు హావియేర్ వేసి ఉండొచ్చన్నాడు.

నేను నమ్ముతున్నానని అనట్లేదు. అడుగుతున్నాను.

చరిత్ర_చెత్తబుట్ట · ఆదివారం మధ్యాహ్నం 2:02

అప్పారావు గారూ, ఆ వాదనకు జవాబులు వచ్చాయి. గోయా మీద జీవితమంతా పనిచేసిన నైజెల్ గ్లెండినింగ్ గట్టిగానే తిప్పికొట్టాడు. ప్రాదో కూడా గోయా పేరే ఉంచింది. ఎక్స్‌రేలు తీస్తే చాలా బొమ్మల కింద వేరే బొమ్మలున్నాయని తేలింది, ప్రకృతి దృశ్యాల్లాంటివి. ముందు గోడలకు ఏవో తేటగా వేసుకుని, వాటి మీదే ఈ చీకటి బొమ్మలు వేశాడన్నమాట. దొంగతనంగా వేసేవాడు అంత శ్రమ పడతాడా?

అనుమానం_అప్పారావు · ఆదివారం మధ్యాహ్నం 2:09

కింద ఉన్నవి గోయావి, మీద ఉన్నవి ఇంకొకరివి ఎందుకు కాకూడదు? 🙂

చరిత్ర_చెత్తబుట్ట · ఆదివారం మధ్యాహ్నం 2:11

మీకో దండం.

గార_మేస్త్రి · ఆదివారం సాయంత్రం 5:30

ఎవరు వేశారన్నది నా పని కాదు. గోడకు ఏమైందన్నది నా పని. పాత గుళ్ళలో రంగు పెచ్చులు ఊడకుండా పట్టి నిలబెట్టే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నా.

గోడ బొమ్మలు రెండు రకాలు. తడి గార మీద రంగు వేస్తే, సున్నం ఆరేటప్పుడు రంగును లోపలికి లాక్కుని రాయిలా పట్టేస్తుంది. అది గోడలో భాగమైపోతుంది. ఆరిన గార మీద వేస్తే రంగు పైన ఒక పొరలా కూర్చుంటుంది, కింద చెమ్మ చేరిందా లేచిపోతుంది. గోయా వేసింది ఆరిన గార మీద, అదీ నూనె రంగులతో. నూనె పొర గోడను ఊపిరి పీల్చనివ్వదు. నది పక్క ఇల్లు. యాభై ఏళ్ళు అలాగే ఉంది. ఆ గోడ పరిస్థితి నేను కళ్ళు మూసుకుని చెప్పగలను, బొబ్బలు, బీటలు, ఉప్పు పూత.

1873లో ఎర్లాంజే అనే బ్యాంకరు ఆ ఇల్లు కొన్నాడు. మరుసటేడు నుంచి ప్రాదో మ్యూజియం మరమ్మతు నిపుణుడు సల్వదోర్ మార్తీనెస్ కుబెల్స్ బొమ్మల్ని గోడల మీంచి ఊడదీసి కాన్వాసు మీదకు ఎక్కించాడు. ఇలాంటి పని ఎలా చేస్తారంటే, ముందు బొమ్మ మొహానికి జిగురుతో గుడ్డ అంటిస్తారు. అది ఆరి బిగుసుకున్నాక గుడ్డతో పాటు రంగు పొరను, ఒక్కోసారి కొంచెం గారతో సహా, గోడ నుంచి వేరు చేస్తారు. వెనకవైపు గార గోకి సాపు చేసి కాన్వాసు అతికిస్తారు. చివర్న ముందు గుడ్డను తడిపి, మెల్లగా ఊడదీస్తారు. చెప్పుకోవడానికి నాలుగు మాటలు. ఆ చివరి గుడ్డ లాగేటప్పుడు మేం మాట్లాడం, ఫోన్లు ఆపేస్తాం, ఎవరైనా తలుపు తోస్తే తిట్లే. గుడ్డతో పాటు ఏం ఊడొస్తుందో చివరిదాకా తెలియదు.

లేపాక్షి కప్పు మీద 16వ శతాబ్దపు బొమ్మలు చూసినవాళ్ళకు తెలుస్తుంది, రంగు లేచిపోయిన చోట మచ్చలు మిగిలి ఎలా ఉంటాయో. అక్కడ మచ్చను మచ్చగా వదిలేశారు. 19వ శతాబ్దంలో ఐరోపాలో అలా వదిలేవాళ్ళు కారు. పోయినచోట మళ్ళీ రంగు వేసేవాళ్ళు. కుబెల్స్ కూడా వేశాడు. దుడ్డుకర్రలతో కొట్టుకునే ఇద్దరు మనుషుల బొమ్మ అదే గదిలో ఉంటుంది, ఈ థ్రెడ్ మొదలెట్టినావిడ చూసే ఉంటారు. మోకాళ్ళ దాకా మట్టిలో కూరుకుపోయి కొట్టుకుంటున్నట్టుంటారు. ఊడదీయక ముందు తీసిన ఫోటోలో వాళ్ళు గడ్డిలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. ఆ ‘కూరుకుపోవడం’ మీద ఎంత తత్వం రాశారో జనం!

కాబట్టి కుక్క మునుగుతోందా అని అడిగే ముందు, ఆ గట్టూ ఆ ఖాళీ గోయా వదిలినవేనా అని అడగాలి.

వేపచెట్టు_నీడ · ఆదివారం సాయంత్రం 6:14

మేస్త్రి గారూ, ఏం చెప్పారండీ. చదివాక కాసేపు కూర్చుండిపోయాను.

అంటే నేను ఇరవై నిమిషాలు చూసిన ఆ పసుపు ఖాళీ... ఊడిపోయిన గోడా?

కర్రల బొమ్మ చూశాను. గైడు దాన్ని కూడా ‘అంతర్యుద్ధానికి ప్రతీక, ఎవడూ పారిపోలేడు’ అని చెప్పాడు.

కుంచె1968 · ఆదివారం సాయంత్రం 7:00

మేస్త్రి గారు చెప్పిన ఫోటోలు హువాన్ లోరాన్ తీసినవి, 1874 ప్రాంతంలో, బొమ్మలు ఇంకా గోడల మీద ఉండగానే. మంత్రగత్తెలు మేకపోతు చుట్టూ చేరిన పెద్ద బొమ్మ ఒకటుంది చూశారా, ఇప్పుడు నాలుగు మీటర్ల పైచిలుకు ఉంటుంది. ఆ ఫోటోల్లో అది ఇంకా పొడవు! కుడివైపు మీటరుకు పైగా ముక్క పోయింది.

మరి కుక్క ఫోటోలో? కుక్క ఎదురుగా రాతి గుట్టలాంటిది ఉందనీ, పైన ఎగిరే పక్షుల్లాంటివి ఉన్నాయనీ కొందరంటారు. ఇప్పటి బొమ్మలో కూడా కుడివైపు మసక నీడ ఒకటుంటుంది, గమనించావా అమ్మాయ్?

వేపచెట్టు_నీడ · ఆదివారం సాయంత్రం 7:08

గమనించాను మాస్టారూ. మొదట నా నీడే అనుకుని పక్కకు జరిగాను కూడా.

అనుమానం_అప్పారావు · ఆదివారం సాయంత్రం 7:21

చూశారా! పక్షులుంటే అది వేట కుక్క. పక్షుల్ని చూసి గట్టు వెనక నక్కింది. అయిపోయింది తత్వం. ఒంటరితనం లేదు, మృత్యువు లేదు, దేవుడి కోసం ఎదురుచూపు లేదు. ఇన్నాళ్ళూ జనం దండం పెట్టింది కుబెల్స్ గారి సున్నానికి!

గార_మేస్త్రి · ఆదివారం రాత్రి 8:45

అప్పారావు గారూ, అంత తొందర వద్దు. ఆ కాలం ఫోటో అద్దాలకు నీలం బాగా ఆనుతుంది, పసుపూ ఎరుపూ ఆనవు. పసుపు గోడను అవి నల్లగా చూపిస్తాయి. రెండు పసుపుల మధ్య కంటికి ఆనని తేడా కూడా ఫోటోలో నలుపు తెలుపుల తేడాగా బయటపడుతుంది. అందుకని ఫోటోలో పక్షిలా ఉన్నది పక్షే కావచ్చు, బీట కావచ్చు, చెమ్మ మచ్చ కావచ్చు. గుడి గోడల మీద చెమ్మ మచ్చల్లో నాకు ఏనుగులు కనపడ్డ రోజులున్నాయి.

మీరన్నట్టు ఖాళీ అంతా కుబెల్స్‌ది అనడానికీ రుజువు లేదు. తల మాత్రం చూడండి. నాలుగైదు కుంచె పోట్లతో తేల్చేసిన తల. మరమ్మతువాడు అలా వేయలేడు. మేం భయపడుతూ వేస్తాం, చుక్క పక్కన చుక్క. అది భయం లేనివాడి చెయ్యి.

పిల్లిమొగ్గ · ఆదివారం రాత్రి 9:30

గీ థ్రెడ్ పొద్దుగాల్నుంచి చదువుతున్న. నేను పశువుల డాక్టర్ను, కరీంనగర్ దిక్కు. బొమ్మల సంగతి నాకు తెల్వది, కుక్కల సంగతి ఎర్కే. థ్రెడ్ షురూ జేసిన మేడం చెప్పినంక ప్రాదో సైట్ల బొమ్మ తెరిచి మంచిగ జూమ్ చేసి చూసిన.

బాయిల పడ్డ కుక్కల్ని రెండుసార్లు తీయించిన నేను. మునిగే కుక్క నోరు తెరిచి ఉంటది, దమ్ము కోసం. కండ్ల తెల్లగుడ్డు మస్తు కనబడ్తది. చూపు ఒక్కకాడ నిలువది, ఒడ్డు కోసం అటిటు దేవులాడుతది. ఈ కుక్క నోరు మూసుకునే ఉన్నది. చెవి ఎనకకు పడ్డది. చూపు ఒక్కకాడ కుదిరింది.

చెవులు ఎనకకు వేసి, మూతి పైకి లేపి, గట్ల కదలకుంట ఎప్పుడు చూస్తదో తెలుసా? తన మనిషి దిక్కు. ఆ మనిషి ఏమంటడో తెల్వనప్పుడు. పిట్టను చూస్తె చెవులు ముంగటికి వస్తయి సారూ. అప్పారావు సారు వేట కుక్క అన్నడు గదా, వేట కుక్క గట్ల చెవులు పండవెట్టది.

అనుమానం_అప్పారావు · ఆదివారం రాత్రి 9:41

డాక్టరు గారి మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఒక్కటి, 1820లో వేసిన కుక్కకు 2020ల్లో పరీక్ష చేయడం...

పిల్లిమొగ్గ · ఆదివారం రాత్రి 9:44

కుక్కలు మారలే సారూ. మనమే మారినం.

కుంచె1968 · సోమవారం ఉదయం 5:50

డాక్టరమ్మా, మీరు అన్నది పట్టుకుని రాత్రంతా గోయా వేసిన కుక్కలన్నీ తిరగేశాను. నిద్ర పట్టని వయసు, ఇంకేం పని.

గోయాకు వేట పిచ్చి. సరగోసా స్నేహితుడు మార్తీన్ సపతేర్‌కు రాసిన ఉత్తరాల నిండా వేట కబుర్లే. 1775లో, రాజు గోడ తివాచీలకు నమూనాలుగా వేసిన బొమ్మల్లో కలిపి కట్టేసిన రెండు వేట కుక్కలు ఉన్నాయి, ప్రాణం ఉట్టిపడుతూ. మూడో కార్లోస్ రాజును వేట దుస్తుల్లో వేసినప్పుడు కాళ్ళ దగ్గర కుక్క హాయిగా నిద్రపోతోంది. 1795లో ఆల్బా డచెస్ తెల్ల గౌను బొమ్మలో ఆవిడ కాళ్ళ దగ్గర చిన్న తెల్ల బొచ్చు కుక్క, దాని వెనక కాలికి కూడా ఆవిడ నడుముకున్నట్టే ఎర్ర రిబ్బను!

అన్నిటి పక్కనా మనిషి ఉన్నాడు, లేదా మనిషి కట్టిన తాడు ఉంది. మన కుక్క పక్కన ఎవరూ లేరు. ‘తన మనిషి దిక్కు’ అన్నారు మీరు. ఆ దిక్కున గోయా మనిషిని వేయలేదు.

లంకంత_ఇల్లు · సోమవారం ఉదయం 8:15

మాస్టారూ, పొద్దున్నే గుండె పట్టేశారు. స్టాండప్‌లో ఏం చెప్పానో నాకే తెలీదు.

చరిత్ర_చెత్తబుట్ట · సోమవారం ఉదయం 10:30

మిగతా కథ కూడా చెప్పేస్తాను. ఎర్లాంజే ఈ బొమ్మల్ని 1878 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో పెట్టాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1881లో స్పెయిన్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు, అలా ప్రాదోకు చేరాయి. ఆ ఇంటిని 20వ శతాబ్దం మొదట్లో పడగొట్టేశారు. ఆధునిక చిత్రకారులు ఈ కుక్క దగ్గర ఆగిపోయారు. ఆంతోనియో సౌరా అయితే గోయా కుక్క పేరుతో ఒక వరస బొమ్మలే వేశాడు.

వేపచెట్టు_నీడ · సోమవారం రాత్రి 10:05

ఇవాళ ఆఫీసులో పని చేస్తున్నట్టు నటిస్తూ ఇదంతా మళ్ళీ చదివాను.

నాకు ఒకటి గుర్తొచ్చింది. సంబంధం ఉందో లేదో తెలీదు. మా తాతయ్యకు చివరి పదేళ్ళు చెవులు వినపడేవి కావు. వెనక వసారా గోడ మీద బొగ్గుతో పాల లెక్కలు రాసుకునేవాడు. నిలువు గీతలు, నాలుగు గీతలకు ఒక అడ్డ గీత. మధ్యమధ్యలో లెక్క కానివి కూడా ఉండేవి. ఒక ఎద్దు తల, ఒక నాగలి, ఎవరిదో మొహం. ఎవరి కోసమని అడిగితే వినపడనట్టు ఊరుకునేవాడు. అది నిజంగా వినపడకో, జవాబు చెప్పడం ఇష్టంలేకో. ఒక సంక్రాంతికి ఇంటికి సున్నం వేయించారు. వసారా గోడకి కూడా. ఎవరి తప్పూ కాదు, పండక్కి సున్నం వేస్తారు కదా. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత కాగితం మీద రాసుకున్నాడు, పాల లెక్క మాత్రమే.

67వ గదిలో నాకు కాలు కదలకపోవడానికి కారణం అదేనేమో. ఆ పసుపు, మా వసారా గోడ రంగు.

మేస్త్రి గారూ, ఒకటి అడుగుతా. గోయా బొమ్మలు గోడ మీదే ఉండి గోడతో పాటు పోయుంటే మంచిదా? ఇలా సగం సగంగా కాన్వాసు మీద బతకడం మంచిదా?

గార_మేస్త్రి · సోమవారం రాత్రి 10:50

ఆ ఇల్లు కూల్చినప్పుడు గోడతో పాటు పోయుండేవి. నేను కుబెల్స్ స్థానంలో ఉంటే ఊడదీసేవాణ్ణి. చేతులు వణుకుతూ ఊడదీసేవాణ్ణి. ఆ మేకపోతు బొమ్మ ముక్క మాత్రం కోయనిచ్చేవాణ్ణి కాదు.

మీ తాతగారి గోడ సున్నం కింద ఇంకా ఉండొచ్చు. బొగ్గు మీద సున్నం పూస్తే బొగ్గు అంత తేలిగ్గా పోదు. ఆ ఇల్లు ఇంకా ఉందా?

వేపచెట్టు_నీడ · సోమవారం రాత్రి 10:53

ఉంది. బాబాయి వాళ్ళు ఉంటున్నారు. ఆ తర్వాత ఎన్ని పండగల సున్నం పడిందో.

గార_మేస్త్రి · సోమవారం రాత్రి 10:59

ఇండియా వచ్చినప్పుడు చెప్పండి. చిన్న కత్తీ, ఓపికా ఉంటే చాలు. గోకేముందు మీ బాబాయి గారిని అడగండి!

పిల్లిమొగ్గ · మంగళవారం సాయంత్రం 6:40

మాట మార్చుతున్నందుకు ఏమనుకోకున్రి. ఇయ్యాల మా ఆస్పత్రి వెనకాల ఒక పని చేసిన. ఇల్లు కట్టేటోళ్ళు పోసిన ఇసుక కుప్ప ఉన్నది. మా చంటిగాడిని, అంటె మా కుక్కను, కుప్ప ఎనక నిలవెట్టిన. నేను ముంగట కుర్చీ మీద ఎక్కి బిస్కెట్ పైకి లేపి పట్టుకున్న. కాంపౌండర్ కింద కూసొని ఫోటో తీసిండు.

అచ్చం గదే తల. ఇసుక మీంచి తల ఒక్కటి, మూతి పైకి, చెవులు ఎనకకు. ఫోటో చూసి కాంపౌండర్ ‘మేడం, ఇది మునుగుతున్నట్టే ఉన్నది గదా’ అన్నడు. మా అటెండర్ వచ్చి ‘లేదు, కుప్ప ఎక్కొస్తున్నది’ అన్నడు. ఇద్దరు పది నిమిషాలు కొట్లాడిన్రు.

నేను బిస్కెట్ ఇయ్యకముందే చంటిగాడు విసిగిపోయి ఎల్లిపోయిండు. ఫోటో రేపు పెడ్త, కాంపౌండర్ ఫోన్ల ఉన్నది.

కుంచె1968 · మంగళవారం సాయంత్రం 6:52

డాక్టరమ్మా, కుర్చీ మీద ఉన్న మీరు కూడా ఫోటోలో పడ్డారా?

పిల్లిమొగ్గ · మంగళవారం సాయంత్రం 6:55

లేదు మాస్టారూ. తల పట్టాలని దగ్గరికెళ్ళి తీసిండు. నేను ఫ్రేమ్ల లేను.